వృత్తి, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా: కోల్‌కతా నేపథ్యం

నిర్వచనం

నిద్రలో గొంతు వెనక భాగం మూసుకుపోయి, గాలి రాకపోకలు పదేపదే ఆగిపోయే జబ్బును అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. వైద్యుల వాడుకలో ఇది ఓఎస్ఏ. ఆప్నియా గ్రీకు మాట. శ్వాస లేకపోవడమని దాని అర్థం. గాలి కనీసం 10 సెకన్లు ఆగితే ఆప్నియా. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గి, దాంతో రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, నిద్ర చెదిరినా అది హైపాప్నియా. రెండూ కలిపి గంట నిద్రకు ఎన్నిసార్లు వస్తున్నాయో చెప్పే అంకెను ఆప్నియా–హైపాప్నియా సూచిక అంటారు. ఆ సూచిక 5 నుంచి 15 లోపు ఉంటే జబ్బు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మెదడు నుంచి ఊపిరి తీయమనే ఆదేశమే రాకపోవడం వల్ల కలిగే సెంట్రల్ స్లీప్ ఆప్నియా వేరు. దాని ప్రస్తావన ఇక్కడ లేదు.

ఈ జబ్బుకు వృత్తితో సంబంధం ఉందన్నప్పుడు మూడు వేరు వేరు సంగతులు ఒకే మాటలో కలిసిపోతుంటాయి. పని చేసే చోటి దుమ్మో రసాయనమో నేరుగా జబ్బు తేవడం ఒకటి. పనితో పాటు అంటుకునే బతుకుతీరు, అంటే కదలకుండా కూర్చోవడం, వేళాపాళా లేని తిండి, రాత్రి మేలుకోవడం, జబ్బుకు దారి వేయడం రెండోది. జబ్బు ఎలా వచ్చినా, ఆ మనిషి చేసే పనిని బట్టి దాని ప్రమాదం పదిమంది మీద పడటం మూడోది. గుమస్తాకు కునుకు పడితే లెడ్జరులో అంకె తప్పుతుంది. బస్సు డ్రైవరుకు కునుకు పడితే జరిగేది వేరు. మొదటి సంబంధానికి ఉన్న ఆధారాలు పలచన; రెండోదానికి గట్టివి ఉన్నాయి; మూడోదాని మీద దాదాపు వివాదమే లేదు.

చరిత్ర

గురకను మనుషులు ఎప్పుడూ నవ్వులాటగానే తీసుకున్నారు. తెలుగువారికి కుంభకర్ణుడున్నాడు, బెంగాలీలు గురకను "నాక్ డాకా" అంటారు, ముక్కు పిలవడమని. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 1836–37లో వెలువరించిన 'పిక్‌విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రాడు నిలబడ్డ చోటే నిద్రపోతుంటాడు. 1956లో అమెరికా వైద్యుడు బర్వెల్, ఆయన సహచరులు ఒక రోగి కథను ప్రచురిస్తూ ఈ నవల పేరు మీదుగానే 'పిక్‌విక్ సిండ్రోమ్' అన్నారు. ఆ రోగి 51 ఏళ్ల వ్యాపార సంస్థ అధికారి. పేకాటలో అరుదుగా పడే గొప్ప ముక్కలు చేతిలో ఉండగానే నిద్రపోయి ఆట పోగొట్టుకున్నాక ఆసుపత్రికి వెళ్లాడు. ఈ జబ్బు ఆధునిక చరిత్ర అలా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగితోనే మొదలైంది.

నిద్రలో ఊపిరి ఆగిపోతోందని 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు విడివిడిగా నమోదు చేశారు. 1976లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టియన్ గిల్మినో, సహచరులు 'స్లీప్ ఆప్నియా సిండ్రోమ్' అన్న పేరును స్థిరపరిచారు. అప్పటిదాకా తీవ్రమైన రోగులకు మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టడమే ప్రధాన చికిత్స. 1981లో సిడ్నీ వైద్యుడు కొలిన్ సలివాన్ ముక్కు మీది తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ పద్ధతిని ప్రకటించాడు. 1993లో వచ్చిన విస్కాన్సిన్ అధ్యయనం ఇది అరుదైన జబ్బు కాదని తేల్చింది: 30–60 ఏళ్ల ఉద్యోగుల్లో మగవారిలో 24 శాతం, ఆడవారిలో 9 శాతం మందికి సూచిక 5కు చేరింది లేదా దాటింది. ఆ అధ్యయనానికి మనుషులను ఎంచుకున్నది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జాబితా నుంచే.

భారతదేశంలో తొలి పెద్ద లెక్క 2004లో ముంబైలో 35–65 ఏళ్ల మగవారి మీద జరిగింది. 19.5 శాతం మందిలో నిద్రలో శ్వాస లోపం, 7.5 శాతం మందిలో దానితో పాటు పగటి నిద్రమత్తు కనిపించాయి. 2006లో ఢిల్లీ లెక్క 13.7 శాతం ఓఎస్ఏ అని చెప్పింది. భారతీయ అధ్యయనాలన్నీ కలిపి 2023లో ఎయిమ్స్ వైద్యులు వేసిన అంచనా ప్రకారం పెద్దల్లో 11 శాతం మందికి ఓఎస్ఏ ఉంది. మగవారిలో 13, ఆడవారిలో 5 శాతం. పని చేసే వయసువారిలోనే సుమారు 10.4 కోట్ల మంది.

సామాన్య జనం చెవిన ఈ పేరు పడటానికి మాత్రం ఒక మరణం కారణమైంది. బెంగాల్‌లోని జల్పాయ్‌గుడిలో పుట్టిన సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూశారు. వైద్యులు కారణంగా చెప్పింది ఓఎస్ఏనే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువారికీ దగ్గరైన మనిషి కావడంతో ఆ వారం తెలుగు పత్రికలు కూడా ఈ జబ్బు గురించి రాశాయి.

శరీరంలో జరిగేది

అంగిలి వెనకనుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి చుట్టూ గట్టి ఎముక చట్రం లేదు. కండరాల బిగువే దాన్ని తెరిచి ఉంచుతుంది. మెలకువలో నాలుక కండరం ముందుకు లాగి దారి ఇస్తుంది. నిద్రపోగానే ఆ బిగువు సడలుతుంది. మెడలో కొవ్వు పేరుకున్నా, దవడ చిన్నదై వెనక్కి ఉన్నా, టాన్సిల్స్ పెద్దవైనా, లోపలికి పీల్చే ఊపిరి వేగానికే గొంతు గోడలు అతుక్కుంటాయి. ఆక్సిజన్ పడిపోతుంది, గుండె ఉలిక్కిపడుతుంది, మెదడు క్షణకాలం మేలుకుని గొంతు తెరిపిస్తుంది. పెద్ద గురకతో గాలి లోపలికి పోతుంది. మనిషికి ఏదీ గుర్తుండదు. రాత్రికి ఇలా వందలసార్లు జరిగితే ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టుండదు. రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం, మధుమేహం ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయి. చూ. రక్తపోటు; మధుమేహం.

లావుపాటివాళ్లకే వస్తుందన్నది సగం నిజం. ఆసియా ప్రజల్లో దవడ ఎముకల తీరు వల్ల సన్నటివారికీ వస్తుంది. 2009లో భారతీయ నిపుణులు శరీర ద్రవ్యరాశి సూచిక 25 దాటగానే స్థూలకాయం కింద లెక్కించాలని నిర్ణయించడానికి మన ఒంటి తీరే కారణం. పాశ్చాత్య లెక్కలో అది 30.

పని జబ్బుకు దారితీసే తీరు

కూర్చోవడం, నిలబడటం. రెండూ చేటే. కదలని పనిలో బరువు పెరగడం తెలిసిందే. అంతగా తెలియని సంగతి మరొకటుంది: గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నా, కదలకుండా నిలబడినా పిక్కల్లో నీరు చేరుతుంది. రాత్రి పడుకోగానే ఆ నీరు పైకి ప్రయాణించి మెడ కణజాలంలోకి వస్తుంది, గొంతు దారి ఇరుకవుతుంది. టొరంటో పరిశోధకులు 2009లో స్థూలకాయులు కాని మగవారిలోనే దీన్ని కొలిచి చూపారు. పగలు కూర్చున్న సమయం ఎక్కువైనకొద్దీ రాత్రి కాళ్ల నుంచి పైకెక్కే నీరూ ఎక్కువైంది. టికెట్ కౌంటరు దగ్గరివారు, గడియాహాట్ చీరల దుకాణాల్లో రోజంతా నిలబడే సేల్స్‌మన్, వాచ్‌మన్, అందరూ ఈ లెక్కలోకి వస్తారు. నడిచి, మోసే పనివారికి పిక్క కండరమే పంపులా పనిచేసి కొంత రక్షణ ఇస్తుంది.

రాత్రి పని. షిఫ్టు పని నేరుగా ఓఎస్ఏ తెస్తుందని ఖరారు కాలేదు. నిద్ర కొరతతో ఆకలి పెరిగి బరువెక్కడం, పగటి పూట ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం, అలసట పోగొట్టుకోడానికి మందు పుచ్చుకోవడం, ఇవన్నీ ఉన్న జబ్బును ముదరబెడతాయి. మద్యం గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది. పైగా షిఫ్టు పనివారి నిద్రమత్తును అందరూ షిఫ్టు మీదికే నెడతారు, జబ్బు దాక్కుంటుంది. చూ. షిఫ్టు పని.

గాలి. అమెరికాలో ఆరు నగరాల పెద్దలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, గాలిలో పీఎం 2.5 అనే సన్నని ధూళి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు పెరిగినకొద్దీ ఓఎస్ఏ ఉండే అవకాశం 60 శాతం ఎక్కువగా కనిపించింది. ముక్కు, గొంతు పొరలు వాచి దారి ఇరుకు కావడం దీనికి చెప్పే కారణం. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 దాడుల శిథిలాల దుమ్ములో పని చేసినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే వైద్య పథకంలో స్లీప్ ఆప్నియాకు చోటుంది. వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా దీన్ని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

ద్రావకాలు. పెయింట్లు, జిగుర్లలోని ఆర్గానిక్ ద్రావకాలను ఏళ్ల తరబడి పీల్చిన పనివారిలో నిద్ర శ్వాసలోపం ఎక్కువని 1990ల్లో నార్వే, స్వీడన్ పరిశోధకులు రాశారు. అవి చిన్న అధ్యయనాలు. అనుమానంగానే తీసుకోవాలి తప్ప తీర్పుగా కాదు.

కోల్‌కతా వృత్తులు

రోడ్డు రవాణా. ఈ విషయంలో ప్రపంచమంతటా అన్నిటికంటే ఎక్కువగా పరిశీలించిన వృత్తి డ్రైవరుదే. ఆస్ట్రేలియాలో 2004 అధ్యయనంలో వాణిజ్య వాహనాల డ్రైవర్లలో 59.6 శాతం మందికి నిద్రలో శ్వాస లోపం, 15.8 శాతం మందికి దానితో పాటు నిద్రమత్తు తేలాయి. స్పెయిన్‌లో 1999 నాటి అధ్యయనం సూచిక 10 దాటినవారికి రోడ్డు ప్రమాదం జరిగే అవకాశం ఆరు రెట్లు ఎక్కువని చెప్పింది. అమెరికాలో ఒక పెద్ద ట్రక్కు సంస్థ డ్రైవర్ల మీద 2016లో వచ్చిన పరిశోధనలో, జబ్బు తేలినా చికిత్స అసలే వాడనివారు నివారించదగ్గ తీవ్ర ప్రమాదాలు చేసిన రేటు మిగతావారి కంటే ఐదు రెట్లుంది.

కోల్‌కతాలో పెద్ద లారీలకు పగలు నగరంలోకి ప్రవేశం మీద ఆంక్షలున్నాయి. ఖిదిర్‌పూర్ రేవు, బడాబజార్ గోదాములకు సరుకు రాత్రే కదలాలి. మనిషి ఒంట్లో నిద్ర ఒత్తిడి పతాక స్థాయికి చేరేది కూడా రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు లోపే. ఆంధ్రకు ఈ రోడ్డుతో నేరుగా బంధుత్వం ఉంది. ఆకివీడు, కైకలూరు, భీమవరం చెరువుల బొచ్చె, శీలావతి చేపలు ఐసు మధ్య సర్దుకుని జాతీయ రహదారి 16 మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హౌరా చేపల మార్కెట్టుకు చేరతాయి. అక్కడ వేలం తెల్లవారకముందే. ఐసు కరుగుతుంటే బండి ఆపి పడుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఇద్దరు డ్రైవర్లుంటే ఒకరు తోలుతుండగా మరొకరు సీటు వెనక చెక్క మీద పడుకుంటారు. కుదుపుల మధ్య, కాళ్లు ముడుచుకుని, వెల్లకిలా. ఓఎస్ఏ ముదిరేది వెల్లకిలా పడుకున్నప్పుడే: నాలుక వెనక్కి జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి మూడు సెకన్ల కునుకులో 50 మీటర్లు దాటుతుంది.

నగరం లోపల సంగతి వేరు. ప్రైవేటు బస్సుల్లో డ్రైవరు, కండక్టరు జీతం మీద కాదు, అమ్మిన టికెట్ల కమీషను మీద బతుకుతారు. పడుకున్న గంటకు డబ్బు రాదు. పసుపు టాక్సీ డ్రైవర్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చినవారు. కుటుంబం ఊళ్లో, మనిషి బండిలో. మధ్యాహ్నం చెట్టు నీడన అంబాసిడర్ ముందు సీటు మీద అడ్డంగా పడుకుని, కిటికీలోంచి పాదాలు బయటికి చాపి నిద్రపోయే టాక్సీవాలా ఈ నగరంలో పాత దృశ్యం. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పాడాలోని ఫ్యాక్టరీలో ఆగిపోయాక ఆ సీట్లు కూడా తగ్గిపోతున్నాయి.

రైల్వే. తూర్పు రైల్వే, ఆగ్నేయ రైల్వే, మెట్రో రైల్వేల ప్రధాన కార్యాలయాలు మూడూ కోల్‌కతాలోనే ఉన్నాయి. హౌరాకు 115 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగువారి ఊరు. వర్క్‌షాపులో, లోకో షెడ్‌లో, రన్నింగ్ స్టాఫ్‌లో తరతరాలుగా తెలుగు ఇంటిపేర్లు వినబడతాయి. గూడ్సు లోకో పైలట్‌కు డ్యూటీ ఎప్పుడు పడుతుందో గడియారం చెప్పదు, పిలుపు చెబుతుంది. ఈ రాత్రి రెండింటికి, రేపు సాయంత్రం ఆరింటికి. మధ్యలో నిద్ర ఊరుకాని ఊరి రన్నింగ్ రూములో. రైలు ఇంజన్లలో జాగరూకతా పరికరం ఉంటుంది: నిమిషం పాటు డ్రైవరు ఏ మీటా కదపకపోతే దీపం, ఆపైన అలారం, చివరికి బ్రేకులు. అది మెలకువను పరీక్షిస్తుంది గాని జబ్బును పట్టుకోదు.

అమెరికాలో 2013 డిసెంబరు 1న న్యూయార్క్ స్పైటెన్ డైవిల్ వద్ద రైలు పట్టాలు తప్పి నలుగురు, 2016 సెప్టెంబరు 29న హోబోకెన్ స్టేషనులో రైలు దూసుకెళ్లి ఒకరు చనిపోయారు. రెండు దర్యాప్తుల్లోనూ డ్రైవరుకు అంతకుముందు ఎవరూ గుర్తించని ఓఎస్ఏ ఉన్నట్టు బయటపడింది. డ్రైవర్లకు తప్పనిసరి పరీక్ష పెట్టే ప్రతిపాదనను అక్కడి రైల్వే నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో ఉపసంహరించుకుంది.

పోలీసు. అమెరికా, కెనడా పోలీసులు 4,957 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 33.6 శాతం మందికి ఓఎస్ఏ ఉండే అవకాశం కనిపించింది. ఇది ప్రశ్నావళితో తేల్చిన ముప్పే, ల్యాబులో నిర్ధారించిన జబ్బు కాదని గుర్తుంచుకోవాలి. తెల్ల యూనిఫాం వేసుకున్న కోల్‌కతా ట్రాఫిక్ కానిస్టేబుల్ మీద మూడు దారులూ కలుస్తాయి: గంటల కొద్దీ నిలబడటం, వాహనాల పొగ, మారే డ్యూటీలు. దుర్గాపూజ రాత్రుల్లో నగరమంతా మండపాలు తిరుగుతుంటే పోలీసు నిద్ర సంగతి అడిగేవారుండరు.

జనపనార మిల్లులు. హుగ్లీ ఒడ్డున రిష్రాలో 1855లో తొలి మిల్లు వెలిసింది. టిటాగఢ్, కాంకినాడా, జగద్దల్, హౌరా మిల్లు వాడల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు వందేళ్లకు పైగా ఉన్నాయి. చాలా మిల్లుల్లో పాత షిఫ్టు పద్ధతి విచిత్రమైనది. ఎ షిఫ్టు ఉదయం ఆరు నుంచి పదకొండు, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. బి షిఫ్టు పదకొండు నుంచి రెండు, తిరిగి ఐదు నుంచి రాత్రి పది. సి షిఫ్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు. పనినే కాదు, విశ్రాంతినీ రెండు ముక్కలు చేసిన ఏర్పాటిది. నార దుమ్ము ముక్కు పొరను వాచేలా చేస్తుంది. ముక్కు మూసుకుపోతే నోటితో ఊపిరి, నోటితో ఊపిరైతే గురక. పని మాత్రం కాయకష్టం కాబట్టి బరువు పెరిగే ముప్పు ఇక్కడ తక్కువ. ఒకే వృత్తిలో చేటూ మేలూ పక్కపక్కన ఉండటానికి ఇది మంచి ఉదాహరణ.

తోలు, కుట్టు పనులు. తంగ్రా, తిల్జలా, తోప్సియా వాడల్లో చెప్పులు, సంచులు అతికే పనివారు "సొల్యూషన్" వాసన మధ్య పని చేస్తారు. ద్రావకాల గురించి పైన చెప్పిన అనుమానం వర్తించేది వీరికే. మెటియాబురుజ్ దర్జీలు ఈద్‌కు, పూజకు ముందు నెలల్లో మిషను దగ్గరే తిని మిషను పక్కనే పడుకుంటారు.

సాల్ట్‌లేక్ సెక్టార్ 5, న్యూటౌన్. అమెరికా గడియారం ప్రకారం పని చేసే కాల్ సెంటర్లు, ఐటీ కార్యాలయాలు. ఇక్కడి ఉద్యోగులు చిన్న వయసువారు. వయసు వారి పక్షాన ఉంది, నడుము కొలత లేదు. వారిని అర్ధరాత్రి ఇళ్లకు చేర్చే క్యాబ్ డ్రైవరు వారి కంటే పెద్దవాడు, వారి కంటే ఎక్కువ గంటలు మేలుకుంటాడు. ఆరోగ్య బీమా మాత్రం లోపల కూర్చున్నవారికే.

రాత్రి బజార్లు. సియాల్దా పక్కన కోలే మార్కెట్ ముఠాకూలీలు, హౌరా వంతెన కింద మల్లిక్‌ఘాట్ పూల వర్తకులు నగరం లేవకముందే సగం పని ముగిస్తారు. తెల్లవారుజామున లోకల్ రైళ్లలో దక్షిణ 24 పరగణాల నుంచి వచ్చే ఇంటిపని ఆడవాళ్లది ఇంకో తీరు నిద్రకొరత.

శంఖం, సన్నాయి: రక్షణ ఇచ్చే పనులు

గొంతు కండరాలకు సాధన చేయించే పనులు ఈ జబ్బును తగ్గించవచ్చన్నది ఆసక్తి రేపిన అంశం. స్విట్జర్లాండులో 25 మంది రోగుల మీద జరిగిన ప్రయోగంలో, డిడ్జెరిడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం నాలుగు నెలలు సాధన చేసినవారికి పగటి నిద్రమత్తు తగ్గిందని 2006లో ప్రకటించారు. దానికి 2017లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా వచ్చింది. జంట పీక వాద్యాలు వాయించేవారికి ముప్పు తక్కువని 2012లో మరో అధ్యయనం చెప్పింది. అంతకుముందు ఊదుడు వాద్యకారులందరినీ కలిపి చూసిన అధ్యయనానికి తేడా కనబడలేదు. మన నాదస్వరం, సన్నాయి జంట పీకల కుటుంబానివే. 2025లో జైపూర్ వైద్యులు మధ్యస్థ ఓఎస్ఏ ఉన్న 30 మందితో చేసిన ప్రయోగంలో, ఆరు నెలలు శంఖం ఊదినవారికి నిద్రమత్తు తగ్గి, సూచిక గంటకు నాలుగైదు మేర దిగింది. సాయంసంధ్యలో ప్రతి ఇంటా శంఖం మోగే కోల్‌కతాలో ఈ వార్తకు సహజంగానే ఆదరణ దొరికింది. అయితే 30 మందితో చేసిన ప్రయోగం చికిత్సను మానుకోడానికి ఆధారం కాదు.

గుర్తించడం

నిర్ధారణకు ప్రమాణం పాలీసోమ్నోగ్రఫీ: రాత్రంతా మెదడు తరంగాలు, ఊపిరి, ఆక్సిజన్, గుండె లయ నమోదు చేసే పరీక్ష. ఇంట్లో చేసుకునే చిన్న పరికరాలూ వచ్చాయి. అంతకుముందు వడపోతకు ప్రశ్నావళులు వాడతారు. 2008లో వచ్చిన స్టాప్–బ్యాంగ్‌లో ఎనిమిది ప్రశ్నలు: గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు, బరువు, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. మూడు అవునంటే ముప్పు మధ్యస్థం, ఐదంటే ఎక్కువ.

ఇక్కడే కోల్‌కతా పనివారి చిక్కు. "ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పక్కన పడుకునే మనిషి. టాక్సీవాలా భార్య ఛప్రాలో ఉంటుంది, లారీ డ్రైవరు భార్య ఆకివీడులో. మెస్సులో పదిమంది ఒకే గదిలో పడుకుంటే గురక తిట్లు తెస్తుంది గాని వైద్యుడి దాకా తీసుకెళ్లదు. ఆడవారి విషయంలో ఇంకో లోపం: వారిలో ఈ జబ్బు గురకగా కంటే అలసటగా, నిద్ర పట్టకపోవడంగా, తలనొప్పిగా బయటపడుతుంది, ప్రశ్నావళేమో మగవారైతే ఒక మార్కు ఇస్తుంది.

1991లో మెల్‌బోర్న్ వైద్యుడు మరీ జాన్స్ తయారుచేసిన ఎప్‌వర్త్ కొలమానం పగటి నిద్రమత్తును 24కు లెక్కిస్తుంది. 10 దాటితే ఎక్కువ. మధ్యాహ్న భోజనం తర్వాత ప్రశాంతంగా కూర్చుంటే కునుకు వస్తుందా అన్నది అందులో ఒక ప్రశ్న. అన్నం తిన్నాక తీసే నిద్రకు "భాత్ ఘుమ్" అని ముద్దు పేరు పెట్టుకున్న నగరంలో ఈ ప్రశ్నకు మార్కులు ఊరికే పడతాయి. కారులో గంటసేపు ప్రయాణిస్తే అన్న మరో ప్రశ్న చేతిరిక్షా లాగేవాడికి అర్థం లేనిది.

పరిశోధకులకు ఇంకో అడ్డంకి ఉంది. బాగా జబ్బుపడినవారు ఉద్యోగం మానేస్తారు. మిగిలినవారిని లెక్కిస్తే వృత్తి ఆరోగ్యకరంగా కనిపిస్తుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో డ్రైవర్లు లక్షణాలు దాస్తారు. కాబట్టి వృత్తుల వారీ శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఎవరిని, ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా మాట్లాడకూడదు.

చికిత్స, ఉద్యోగం

మధ్యస్థ, తీవ్ర స్థాయిల్లో సీప్యాప్ ప్రధాన చికిత్స. రాత్రికి కనీసం నాలుగు గంటల చొప్పున, వారంలో ఐదు రాత్రులైనా వాడితేనే వాడినట్టు లెక్క. పగటి నిద్రమత్తును, ప్రమాదాలను ఇది తగ్గిస్తుంది. గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయని మాత్రం 2016లో వచ్చిన పెద్ద ప్రయోగంలో తేలలేదు. అందులో రోగులు సగటున మూడున్నర గంటలు కూడా వాడలేదు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మందు మానడం, దవడను ముందుకు నిలిపే పళ్ల తొడుగు, కొందరికి శస్త్రచికిత్స మిగతా మార్గాలు. స్థూలకాయంతో పాటు ఓఎస్ఏ ఉన్నవారికి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబరులో ఆమోదించింది.

సీప్యాప్‌కు కరెంటు, మూసిన గది, స్థిరమైన మంచం కావాలి. లారీ క్యాబిన్‌కు, గోదాము నేలకు, మిల్లు కూలీల లైను ఇళ్లకు అది సరిపడే సామాను కాదు.

చట్టం, విధానం

యూరోపియన్ యూనియన్ 2014లో లైసెన్సు నిబంధనల్లోకి మధ్యస్థ, తీవ్ర ఓఎస్ఏను చేర్చింది. బ్రిటన్‌లో నిద్రమత్తుతో కూడిన జబ్బు తేలిన డ్రైవరు లైసెన్సు సంస్థకు తెలపాలి. చికిత్సతో అదుపులోకి వస్తే మళ్లీ తోలవచ్చు. అమెరికా విమానయాన సంస్థ పైలట్ల పరీక్షలకు 2015లో మార్గదర్శకాలిచ్చింది. భారతీయ నిపుణులు 2014లో వెలువరించిన మార్గదర్శకాలు గురక, పగటి నిద్రమత్తు, స్థూలకాయం, రక్తపోటు, వాహన ప్రమాద చరిత్ర ఉన్నవారికి పూర్తి నిద్ర పరీక్ష చేయాలన్నాయి.

వృత్తి ఆరోగ్యాన్ని చదివే సంస్థలకు కోల్‌కతాలో కొదవ లేదు. ప్రజారోగ్యం బోధించే అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ 1932లోనే ఇక్కడ వెలిసింది. జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ తూర్పు ప్రాంతీయ కేంద్రం సాల్ట్‌లేక్‌లో ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో తెలియపరచాల్సిన వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. సీసం విషం, సిలికోసిస్, చెవుడు అందులో ఉండేవి, స్లీప్ ఆప్నియా ఉండేది కాదు. 2025 దాకానే అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. సొంత బండి తోలుకునేవాడి గంటలు లెక్కపెట్టేవారు లేరు.

డ్రైవింగ్ లైసెన్సు కోసం దేశమంతటా నింపే ఫారం 1లో దరఖాస్తుదారు తన ఆరోగ్యం గురించి తానే జవాబులు రాయాలి. మూర్ఛ ఉందా, హఠాత్తుగా స్పృహ తప్పుతుందా, 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనిపిస్తుందా, రేచీకటి ఉందా, చెవుడు ఉందా అని అది అడుగుతుంది. గురక గురించి, పగటి కునుకు గురించి అందులో ప్రశ్న లేదు.